నజరేతులో గబ్రియేలు దూత మొక్కు

నా కూతురి కడుపు పండితే నజరేతుకు వెళ్లి, గబ్రియేలు దూత మరియతల్లికి యేసు పుడతాడనే మంగళవార్త చెప్పిన చోటనే జపమాల చెప్పుకుంటానని గుణదల కొండ మీద మొక్కుకున్నాను. మనుమరాలు ఇప్పుడిప్పుడే బోర్లా పడుతోంది. మొక్కు మొన్ననే తీరింది. దూత పేరిట మొక్కేమిటని బాప్టిస్టు సంఘానికి వెళ్లే మా వదిన బయలుదేరకముందే నిలదీసింది. యోహాను దూత పాదాల మీద పడబోతే ఆయన ‘వద్దుసుమీ’ అని వారించి, దేవునికే నమస్కారం చేయమన్నాడని ప్రకటన గ్రంథం 22వ అధ్యాయం తీసి చూపింది. ఆ మాట కాదనలేనిది. అయితే కతోలికులమైన మేము దూతలను ఆరాధించము, మా కోసం దేవుణ్ణి వేడుకోమని అడుగుతాము. సెప్టెంబరు 29న మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు దూతల పండుగను, అక్టోబరు 2న కావలి సన్మనస్కుల, అంటే మనల్ని కాచే దూతల, పండుగను జరుపుకుంటాము. రఫాయేలు కథ ఉన్న తోబితు గ్రంథం వదిన బైబిలులో లేదు కనుక, ఆ దూత ఊసే ఆమెకు పట్టదు.

మంగళవార్త దేవాలయం 1969లో ప్రతిష్ఠ జరిగిన పెద్ద కట్టడం. దాని కింది అంతస్తులో, ఇనుప చట్రం వెనుక, మరియతల్లి ఇల్లని చెప్పే చిన్న రాతి గుహ ఉంది. మధ్యాహ్నం పన్నెండుకు ఫ్రాన్సిస్కన్ సభ గురువులు అక్కడ మంగళవార్తను తలచుకునే త్రికాల జపం చెబుతారని తెలిసి, ఆ వేళకు చేరాలని ఎండలో వరుసలో నిలబడ్డాము. ఒకే రంగు టోపీలు పెట్టుకున్న ఒక బృందం మా మధ్యలోంచే దూసుకుపోయింది. జపం మొదలయ్యాక కూడా ఫోనులు ఎత్తి పట్టినవారి చేతులే తప్ప గుహ కనబడలేదు. ‘దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము’ అని చిన్నతనం నుంచి ఎన్ని వేలసార్లు పలికానో లెక్క లేని ఆ దూత పలుకును, అది మొదట పలికిన చోట నిలబడి చెబుతుండగా వెనుక నుంచి ఎవరో మోచేత్తో నెట్టారు. భక్తి పోయి కోపం వచ్చింది. అంతలో ముందున్న పొడగరి ఒకాయన పక్కకు తప్పుకోవడంతో, పొగచూరినట్టున్న రాతి గోడ, దాని ముందు తెల్లని బలిపీఠం, ‘వాక్యము ఇక్కడ శరీరధారియాయెను’ అనే అర్థంలో దాని మీద చెక్కిన లాటిను అక్షరాలు కంటబడ్డాయి. కన్ను మూసి తెరిచేంతలో ఆ దర్శనం అయిపోయింది. జపమాల సగంలోనే ఉండగా గైడు చెయ్యూపి బయటికి రమ్మన్నాడు.

అక్కడి నుంచి మరియమ్మ బావి వైపు నడక. దాని దగ్గరే గ్రీకు ఆర్థడాక్సు వారి గబ్రియేలు గుడి ఉంది. తల్లి నీళ్లకు వచ్చినప్పుడు దూత స్వరం మొదట ఊట దగ్గర వినిపించిందని, ఆమె భయపడి ఇంటికి పోయాక దూత మళ్లీ కనబడ్డాడని యాకోబు పేరిట ఉన్న ఒక ప్రాచీన గ్రంథం చెబుతుంది. వారు దానిని నమ్మి ఊట మీదనే గుడి కట్టుకున్నారు. నా మోకాళ్లు అక్కడిదాకా రానివ్వలేదు. బజారు వీధిలో గోడ పట్టుకుని ఆగిపోతే, తలకు తెల్లని గుడ్డ చుట్టుకున్న ఒక ముసలావిడ దుకాణంలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, నన్ను భుజాలు పట్టి కూర్చోబెట్టి, పుదీనా వేసిన టీ చేతికిచ్చింది. నా చేతిలోని జపమాల చూసి ముస్లిములు జపానికి వాడే పూసల దండ, తన తస్బీ తీసి చూపింది. ఇంగ్లీషు తెలిసిన ఆమె మనుమడు మా ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేరవేశాడు.

నేను వచ్చిన పని చెప్పగానే ఆమె ‘జిబ్రీల్!’ అని నవ్వి, ఖురానులోని 19వ సూరా, అంటే అధ్యాయం, అయిన మర్యం సూరా నుంచి కొంత రాగంతో చదివింది. నిండు మనిషి రూపంలో వచ్చిన దూతను చూసి మర్యం దేవుని శరణు కోరడం, తాను ఆమె ప్రభువు పంపిన దూతను మాత్రమేనని ఆయన చెప్పడం వినగానే నాకు తెలిసిన కథలాగే ఉంది. తరువాతి భాగం మాత్రం మా సువార్తలలో లేదు. నొప్పులు తాళలేక ఖర్జూరపు చెట్టు మొదలు పట్టుకున్న మర్యం, ఇంతకుముందే చచ్చిపోయినా బాగుండేదని ఏడ్చిందట. అప్పుడు కింది నుంచి ఒక స్వరం, దుఃఖపడకు, నీ కింద నీటి వాగు ఉంది, చెట్టు ఊపితే పండిన ఖర్జూరాలు రాలుతాయి అని చెప్పిందట. ఆ స్వరం జిబ్రీల్‌దని కొందరు, పుట్టిన శిశువుదే అని కొందరు అంటారని మనుమడు చెప్పాడు. ప్రసవపు గదిలో నా కూతురు మంచం కమ్మీ పట్టుకుని సరిగ్గా ఆ చచ్చిపోయినా బాగుండేదన్న మాటే అన్నది. బయట నిలబడి విన్న నాకు, మరియతల్లి నొప్పులను గురించి ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆలోచించలేదని ఆ కథ విన్నప్పుడు తట్టింది.

దూతలు వెలుగుతో పుట్టినవారని, దేవుని మాట మీరడం వారికి చేతకాదని ఆమె అన్నది. తిరగబడి పడిపోయిన దూతలను గురించి మేము చెప్పుకుంటాము కదా అంటే, ఇబ్లీసు, అంటే సైతాను, దూత కాదు, జిన్ను అనే వేరే జాతివాడు అని ఖండితంగా చెప్పింది. మనిషి మంచిచెడ్డలు రాసే ఇద్దరు దూతల సంగతి వచ్చినప్పుడు, మా ఇంటిపక్క వారు చెప్పే చిత్రగుప్తుడు గుర్తొచ్చాడు. ఆమె తస్బీ తిప్పుతుండగా, మిగిలిన జపమాలను ఆ కుర్చీలోనే ముగించాను. ఆమె దూతేనని మా బృందంలోని వారు బస్సులో తీర్మానించారు; నాకు అది నచ్చలేదు. తనకూ మోకాళ్ల నొప్పులేనని చెప్పి నా చేతికి పూతమందు రాసి చూపిన ఆవిడను మనిషిగానే గుర్తుంచుకోవాలని నా కోరిక.

శుక్రవారం సాయంత్రానికి యెరూషలేము చేరాము. గబ్రియేలు, మిఖాయేలు పేర్లు దానియేలు గ్రంథం ద్వారా మాకు అందించినది యూదులే. హోటలు భోజనశాలలో ఒక యూదు కుటుంబం, వారి వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు దీపాల ముందు దూతలకు స్వాగతం పలుకుతూ పాడింది. ప్రార్థన ముగించుకుని ఇంటికి వచ్చే మనిషి వెంట ఒక మంచి దూత, ఒక చెడ్డ దూత వస్తారని, దీపం వెలిగి, భోజనపు బల్ల సిద్ధంగా ఉంటే మంచి దూత ‘వచ్చే సబ్బాతు కూడా ఇలాగే ఉండుగాక’ అంటాడని, చెడ్డ దూత ఇష్టం లేకపోయినా ‘ఆమేన్’ అనక తప్పదని యూదుల ప్రాచీన గ్రంథమైన తల్మూదు చెబుతుందట. స్వాగతంతో మొదలైన ఆ పాట దూతలను క్షేమంగా వెళ్లి రమ్మని సాగనంపడంతో ముగిసింది. సబ్బాతున మీట నొక్కకూడదు కనుక ప్రతి అంతస్తులోనూ తనంత తానే ఆగే లిఫ్టులో మా వాళ్లు గొణుగుతుంటే, ఆ ఆలస్యంలో నేను కూతురికి ఫోను చేసి ఖర్జూరాల కథ చెప్పడం మొదలుపెట్టాను.