గడియారం లేని చార్మినారు

ఇంత రాత్రివేళ కూర్చుని రాస్తున్నానంటే బావగారు వచ్చి వెళ్లారని మీకు అర్థమయ్యే ఉంటుంది. నేను కాగితంతో కడుతున్న పాత హైదరాబాదు నమూనా ఉన్న బల్ల చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, "అంతా బాగానే ఉంది కానీ, గడియారం ఏదోయ్?" అన్నారు.

1:200 కొలతలో చార్మినారు 20 మీటర్ల భుజం 10 సెంటీమీటర్లవుతుంది. ఆ పది సెంటీమీటర్ల కోసం ఎన్ని డ్రాయింగ్ షీట్లు పాడుచేశానో శ్రీమతికి తెలుసు. మినార్ల కోసం తడిపిన కాగితాన్ని మార్కర్ పెన్ను చుట్టూ చుట్టి, పూర్తిగా ఆరకముందే పెన్నును మెలితిప్పుతూ బయటికి లాగాలి. క్షణం ఆలస్యమైతే కాగితం దానికే అంటుకుపోతుంది. నేను కడుతున్నది 1590ల నాటి నగరమనీ, ఆ గడియారాలు 1889లో వచ్చాయనీ ఓపికగా చెప్పాను. "గడియారం లేకపోతే ఎవరు గుర్తుపడతారు?" అంటూ ఆయన పకోడీ తిన్న చేతిని చార్మినారు దగ్గరి తోరణం మచ్లీ కమాన్ మీద ఆనించారు. కాగితం పీల్చుకున్న నూనె ఇక పోదు. ఆ కమాన్ మొత్తం మళ్లీ కత్తిరించాలి. పైగా ఆయన క్షమించమనలేదు, చేయి తుడుచుకోవడానికి గుడ్డ అడిగారు.

ప్రాగ్ నగరాన్ని అట్టతో కట్టిన లాంగ్‌వైల్‌ను ఇలాంటి బంధువులు ఎంత విసిగించి ఉంటారో! గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ, 1826లో మొదలుపెట్టి 1837లో కన్నుమూసేదాకా, 1:480 కొలతలో రెండు వేలకు పైగా ఇళ్లు నిలబెట్టాడాయన. తర్వాతి కాలంలో అక్కడి యూదుల పేటను చాలావరకు కూల్చేశారు, కానీ ఆయన అట్టల్లో అది ఇంకా ఉంది.

అయితే ఆయన కట్టింది తాను రోజూ నడిచిన ఊరిని. నేను మాత్రం కమాన్ల నడుమ ఫౌంటెన్ ఉన్న గుల్జార్ హౌజ్ చుట్టూ ఆనాడు ఏ ఇల్లు ఎలా ఉండేదో ఊహించి అతికిస్తూ, గడియారం దగ్గరికి వచ్చేసరికి చరిత్ర పట్టింపు చూపిస్తున్నాను. బావగారి మాటలో న్యాయముందని ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

నేను నడిచిన చార్మినారు వేరు. అమ్మకు గాజులు కొనడానికి లాడ్ బజారుకు వెళ్లినప్పుడల్లా నాన్న రిక్షాల రద్దీ మధ్య ఆగిపోయి, తలెత్తి ఆ గడియారం చూసి, తన చేతి గడియారానికి కీ ఇచ్చి ముల్లు సరిచేసుకునేవారు. ఇంట్లో రేడియో ఉన్నా ఆయనకు ఆ గడియారమే ప్రమాణం. చుట్టూ రిక్షా గంటలు మోగుతుంటే సిగ్గుతో నేను ఆయన చొక్కా అంచు పట్టి లాగేవాణ్ణి. ఆయన కదిలేవారు కాదు.

ఇందాక తెల్లకాగితంలో ఆవగింజంత బిళ్ల కత్తిరించాను. ముళ్లు గీద్దామని కళ్లజోడు కోసం లేచేలోపు శ్రీమతి ఫ్యాను వేసింది. బిళ్ల ఎక్కడ పడిందో కనిపించలేదు. రేపు చీపురు పట్టేముందు నన్ను లేపమని చెప్పాలి.