సైకాలజీ ఆప్షనల్‌లో నిద్ర, కలలు, మత్తు: ఈ టాపిక్‌ని నేనెలా చదివానంటే

సివిల్స్ మెయిన్స్‌కి సైకాలజీ ఆప్షనల్ తీసుకున్న చాలామంది పేపర్ వన్ సిలబస్ చివరికి వచ్చేసరికి అలసిపోతారు. సరిగ్గా ఆ చివరి యూనిట్‌లోనే చైతన్యం, నిద్ర-మెలకువల క్రమం, కలలు, ఇంద్రియాలకు ఏ ప్రేరణా అందకుండా చేయడం, ధ్యానం, హిప్నాసిస్, మత్తుపదార్థాల వల్ల కలిగే స్థితులు అన్నీ ఒకటి రెండు లైన్లలో ఉంటాయి. "అవి చివర్లో చూసుకుందాంలే" అనే మాట స్టడీ హాల్లో రోజూ వినిపిస్తుంది. నాకైతే ఆప్షనల్ మొత్తంలో ఇష్టంగా చదివిన భాగం ఇదే. ప్రతి విషయాన్నీ "దీన్ని ఎవరు, ఎలా పట్టుకున్నారు" అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. ఎదుటి మనిషి మనసులో ఏం జరుగుతోందో మనకు కనపడదు కదా. కనపడనిదాన్ని కొలిచే దారి దొరికిన ప్రతిసారీ ఈ సబ్జెక్టు ముందుకు నడిచింది. ఆ దారులు తెలిస్తే నిర్వచనాలు బట్టీ పట్టే పని ఉండదు.

చరిత్ర భాగం తొందరగానే అయిపోతుంది. 1879లో లైప్‌జిగ్‌లో వుంట్ ల్యాబ్ పెట్టి, మనుషుల చేత తమ అనుభవాన్ని తామే గమనించి చెప్పించాడు. 1890లో విలియం జేమ్స్ చైతన్యాన్ని ఆగకుండా పారే ప్రవాహమన్నాడు. 1913లో వాట్సన్ వచ్చి, కొలవలేనిది శాస్త్రం కాదని మొత్తం పక్కన పెట్టించాడు. దాన్ని మళ్లీ లోపలికి తెచ్చినవాటిలో ముఖ్యమైనది ఒక యంత్రం. హాన్స్ బెర్గర్ మనిషి మెదడు తరంగాలను రికార్డు చేసి 1929లో ప్రచురించాడు. ఈ నాలుగు పేర్లు వరసగా రాస్తే ఏ ప్రశ్నకైనా ఇంట్రో సిద్ధం. ఇంతకంటే ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టొద్దు.

అసలు సమయం ఇవ్వాల్సింది రెమ్ నిద్రకి, అంటే మూసిన రెప్పల కింద కళ్లు వేగంగా కదిలే నిద్రకి. షికాగో యూనివర్సిటీలో అసెరిన్‌స్కీ అనే రీసెర్చ్ విద్యార్థి ఒక పాత యంత్రాన్ని బాగుచేసుకుని, తన ఎనిమిదేళ్ల కొడుకు నిద్రపోతుంటే కళ్ల కదలికలు రికార్డు చేశాడు. రాత్రి మధ్యలో ఉన్నట్టుండి పెన్నులు అటూఇటూ వేగంగా ఊగాయి. ముందు యంత్రం పాడైందేమో అనుకున్నాడు. పిల్లాడు మేలుకున్నాడేమోనని వెళ్లి చూస్తే గాఢంగా నిద్రపోతున్నాడు. గైడ్ క్లైట్‌మన్‌తో కలిసి 1953లో ఆ పేపర్ వేశాడు. 1957లో డిమెంట్, క్లైట్‌మన్ మనుషుల్ని రెమ్‌లో లేపితే సుమారు 80 శాతం సార్లు కల వచ్చిందన్నారు. మిగతా నిద్రలో లేపితే 7 శాతమే. చాలామంది ఆన్సర్ ఇక్కడే ఆగిపోతుంది, "రెమ్ అంటే కలల నిద్ర" అని. మీరు ఇంకో అడుగు వేయండి. తర్వాత ఫౌల్క్స్, "కల వచ్చిందా" అనడానికి బదులు "మనసులో ఏం నడుస్తోంది" అని అడిగితే, నాన్-రెమ్ నిద్రలోనూ చాలామంది ఏదో ఒకటి చెప్పారు. అడిగే తీరు మారితే ఫలితమే మారింది. మెదడు ముందుభాగంలో కొన్నిచోట్ల దెబ్బ తగిలినవాళ్లకి రెమ్ ఉన్నా కలలు ఆగిపోతాయని మార్క్ సోల్మ్స్ చూపించాడు. ఈ రెండు పాయింట్లూ రాస్తే మీ ఆన్సర్ విశ్లేషణ అవుతుంది, లేకపోతే నోట్సు కాపీలాగే ఉంటుంది.

నిద్ర దశల మీద ప్రశ్న వస్తే పేరా రాయకండి, గ్రాఫ్ గీయండి. కింద గంటలు, పక్కన దశలు, మెట్లలా దిగి ఎక్కే గీత. ఒక్కో చక్రం సుమారు 90 నిమిషాలు. గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలో ఎక్కువ, రెమ్ తెల్లవారుజామున ఎక్కువ. పాత పుస్తకాల్లో నాన్-రెమ్ దశలు నాలుగుంటాయి. 2007 నుంచి మూడు, నాలుగు కలిపి ఎన్3 అంటున్నారు. ఈ ఒక్క మాట రాస్తే అప్‌డేటెడ్‌గా చదివారని దిద్దేవాళ్లకి అర్థమవుతుంది.

ఈ గ్రాఫ్ గీస్తూ గీస్తూ నా టైమ్‌టేబుల్ మార్చుకున్నాను. రాత్రి రెండింటికి పడుకుని ఆరింటికి లేస్తే పోయేది నిద్రలో సగం గంటలే కాదు, రెమ్‌లో పెద్ద వాటా కూడా పోతుంది. 1924లో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అనేవాళ్లు కార్నెల్‌లో ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాల జాబితాలు నేర్పించారు. నేర్చుకున్నాక నిద్రపోతే గుర్తున్నది ఎక్కువ, మేలుకుని తిరిగితే తక్కువ. శాంపిల్ ఇద్దరే కాబట్టి ఆ పరిమితి కూడా ఆన్సర్‌లో చెప్పాలి. కానీ ఆ దిశలో తర్వాత చాలా ఆధారాలు వచ్చాయి. అందుకని పేర్లు, సంవత్సరాలు, నమూనాలు ఎక్కువున్న యూనిట్లని పడుకునే ముందు గంటకి జరిపాను. పొద్దున లేచి కాఫీ పెట్టుకునేలోపు పుస్తకం తెరవకుండా తెల్లకాగితం మీద గుర్తొచ్చినంత రాసేదాన్ని. నాకు ఏ రివిజన్ పద్ధతీ ఇంత బాగా పనిచేయలేదు.

కాఫీ, టీల సంగతీ ఇందులోనే ఉంది. మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, అదే నిద్ర ఒత్తిడి. కెఫీన్ దాన్ని తగ్గించదు, అడినోసిన్ కూర్చోవాల్సిన రిసెప్టార్లలో తాను కూర్చుంటుంది. శరీరంలోంచి సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదింటి ఇరానీ చాయ్ అర్ధరాత్రి దాటాక కూడా పనిచేస్తూనే ఉంటుందన్నమాట.

కలల సిద్ధాంతాల్లో ఫ్రాయిడ్‌ని, హాబ్సన్-మెకార్లీని ఎదురెదురుగా పెట్టి చదవండి. ఫ్రాయిడ్‌కి కల వెనక దాగిన కోరిక ఉంటుంది. హాబ్సన్-మెకార్లీల 1977 సిద్ధాంతం ప్రకారం మెదడు కాండం నుంచి వచ్చే సంకేతాలకి కార్టెక్స్ (మెదడు పైపొర) ఒక కథ అల్లుతుంది. నిద్రలోనే "ఇది కల" అని తెలిసిన వ్యక్తి, ముందే ఒప్పుకున్న కంటి కదలికలతో బయటికి సిగ్నల్ ఇచ్చిన ప్రయోగాలు (కీత్ హర్న్, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో లబెర్జ్) నాకు ఎంతో నచ్చినవి. కనపడని మనసు లోపలినుంచి తలుపు తట్టినట్టే కదా!

ప్రేరణల లేమికి 1950ల్లో మెక్‌గిల్ యూనివర్సిటీ ప్రయోగం చాలు. రోజుకి 20 డాలర్లిచ్చి ఊరికే పడుకోమన్నా, ఎక్కువమంది రెండు మూడు రోజులకి మించి ఉండలేదు. కొందరికి లేనివి కనిపించాయి. హిప్నాసిస్‌లో అది చైతన్యం రెండుగా విడిపోయే స్థితి అనే హిల్‌గార్డ్ ఒకవైపు, అది ప్రత్యేక స్థితే కాదనే స్పానోస్ మరోవైపు. ధ్యానానికి మాండూక్య ఉపనిషత్తులోని జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయ అవస్థలు చాలామంది రాస్తారు, మంచిదే. దాని పక్కనే ఎయిమ్స్‌లో ఆనంద్, చిన్నా, బల్‌దేవ్ సింగ్ 1961లో వేసిన పేపర్ కూడా పెట్టండి. సమాధిలో ఉన్న యోగులకి వెలుగు, శబ్దం లాంటివి తగిలించినా మెదడులోని ఆల్ఫా తరంగాలు చెదరలేదు. టెలిపతీ లాంటి అతీంద్రియ విషయాలకి అరపేజీ నోట్సు మించి అక్కర్లేదని నా అభిప్రాయం.

మత్తుపదార్థాల దగ్గర మాత్రం నెమ్మదించండి. నిరోధకాలు (మెదడు పనిని నెమ్మదింపజేసేవి), ఉత్తేజకాలు, భ్రాంతి కలిగించేవి అని టేబుల్ గీసి వదిలేస్తే సరిపోదు. సహనం (అదే డోసు రానురాను తక్కువగా పనిచేయడం), ఆధారపడటం, మానేసినప్పుడు వచ్చే లక్షణాలు, ఈ మూడింటినీ ఒక నిజమైన ఉదాహరణతో చూపించాలి. నేను కల్తీ కల్లు తీసుకున్నాను. తెలంగాణలో కల్లులో డైజోపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం మనకు తెలిసిందే. పొద్దంతా ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి, రోజూ తాగే మనిషి మెదడు ఆ మత్తుమందుకి అలవాటు పడిపోతుంది. దాడులు జరిగి ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, మాట తడబడుతుంది, ఫిట్స్ వస్తాయి, ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది. కుటుంబాలు వాళ్లని పట్టుకుని ఎర్రగడ్డ ఆసుపత్రికి పరిగెత్తిన వార్తలు పేపర్లలో చాలాసార్లు వచ్చాయి. మెదడును నెమ్మదింపజేసే గాబా వ్యవస్థను మత్తుమందు పెంచుతుంటే మెదడు దానికి ఎదురు సర్దుకుంటుంది. మందు పోయాక ఆ సర్దుబాటు ఒక్కటే మిగులుతుంది. టెక్స్ట్‌బుక్‌లోని విత్‌డ్రావల్ అంటే ఇదే. ఆ మనిషిని తాగుబోతు అని తిట్టి వదిలేయడం ఎంత తప్పో ఈ చాప్టర్ చదివినవాళ్లకి అర్థం కావాలి, రేపు జిల్లాలో కూర్చోబోయేది మనమే. దీనికి తోడు సీగెల్ ఎలుకల ప్రయోగం (1982) చేర్చండి. అలవాటైన చోట తట్టుకున్న హెరాయిన్ డోసే కొత్త చోట ఇస్తే ఎక్కువ ఎలుకలు చనిపోయాయి. సహనం ఒంట్లోనే కాదు, చుట్టూ ఉన్న పరిసరాల్లోనూ ఉంటుందన్నమాట. నేర్చుకోవడం మీద ఉండే పావ్‌లోవ్ చాప్టర్‌కి కూడా ఇది పనికొస్తుంది.

చివరగా పరీక్ష సంగతి. ఆప్షనల్ రెండు పేపర్లూ మెయిన్స్ చివరి రోజే పడతాయి. అప్పటికి ఎస్సే, జీఎస్ (జనరల్ స్టడీస్) రాసి టెన్షన్‌తో నిద్ర అప్పు పేరుకుని ఉంటుంది. పరీక్షకి రెండు వారాల ముందు నుంచే పరీక్ష రోజు లేచే టైమ్‌కి లేచి, లేవగానే కాసేపు డాబా మీద వెలుతురులో తిరగండి. ఒంటి గడియారం సర్దుకునేది పొద్దుటి వెలుగుతోనే. రెండు పేపర్ల మధ్య దొరికే గ్యాప్‌లో ఈ యూనిట్ తెరవొద్దు, అది ఉదయం పేపర్‌తోనే అయిపోతుంది. తేలిగ్గా తిని, కళ్లు మూసుకుని 20 నిమిషాలు పడుకుని, పేపర్ టూ కీవర్డ్స్ మాత్రం ఒకసారి తిరగేయండి.