ఫ్యూడలిజం టాపిక్‌ని కాయస్థులతో చదివా

గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్లలో ఫ్యూడలిజం (భూస్వామ్య వ్యవస్థ) అంటే చాలామందికి విసుగు. నోట్సులో ఒక త్రిభుజం ఉంటుంది: పైన రాజు, మధ్యలో సామంతులు, కింద రైతులు. అది గీసి వస్తే మార్కులు అంతంతమాత్రమే. నేను బొమ్మ పక్కన పెట్టి కాకతీయుల సామంతులైన కాయస్థ వంశాన్ని పట్టుకున్నాను.

కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గర గంగయ సాహిణి అశ్వసేనాపతి. పానుగల్లు నుంచి కడప వైపు దాకా పెద్ద ప్రాంతం అతని ఏలుబడిలోకి వచ్చింది. తర్వాత అతని వంశంలోనే జన్నిగదేవుడు, త్రిపురారి, అంబదేవుడు. రాజు ఇచ్చిన పదవి ఇంటి ఆస్తి అయిపోయింది! కిటుకు ఇక్కడే ఉంది. రాజు జీతం బదులు గ్రామాల ఆదాయం వదులుతాడు, నాయకుడు ఆ డబ్బుతో సైన్యాన్ని పోషించి పిలిచినప్పుడు తీసుకురావాలి; దీన్నే నాయంకర పద్ధతి అంటారు. కానీ రోజూ తిండి పెట్టేది నాయకుడే కాబట్టి ఆ సైన్యం ఎవరి మాట వింటుంది? రుద్రమదేవి మీద అంబదేవుడు తిరగబడ్డాడు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతుంది, 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో అంబదేవుడు తన విజయాలు ఏకరువు పెట్టుకున్నాడు. ఆన్సర్‌లో ఈ రెండు శాసనాలూ పక్కపక్కనే రాయండి. ఆమె అతనితో యుద్ధంలోనే చనిపోయిందన్నది చరిత్రకారుల ఊహ, కాబట్టి "భావిస్తున్నారు" అనే రాయాలి.

1323లో ఓరుగల్లు పడిపోయాక కాపయ నాయకుడు, అద్దంకి రెడ్లు, రేచర్ల పద్మనాయకులు ఎవరికివారు లేచారంటే కారణం ఈ నాయంకర పద్ధతే. విజయనగరంలో అమరనాయంకరం కూడా ఇదే దారి. 1565 తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడాక మధుర, తంజావూరు, జింజి నాయకులు సొంత రాజులైపోయారు.

యూరప్‌తో పోలిక అడిగితే ఇంగ్లాండ్ చాలు. 1066లో ఇంగ్లాండ్‌ను గెలిచిన రాజు విలియం ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టాడు. 1086లో సాలిస్‌బరీలో ప్రభువుల కింద ఉండే భూస్వాముల చేత కూడా నేరుగా తనకే విధేయత ప్రమాణం చేయించుకున్నాడు. మన దగ్గర ఇలాంటిది ఎందుకు సాధ్యం కాలేదన్నది నాకు ఇప్పటికీ ఆసక్తికరమైన ప్రశ్న.

భారతదేశంలో ఫ్యూడలిజం ఉందా లేదా అని చరిత్రకారులు ఆర్.ఎస్. శర్మ, హర్బన్స్ ముఖియా చేసిన వాదన మీద నాలుగు వాక్యాలు మించొద్దు. భూదానాల వల్ల మధ్యవర్తులు పెరిగి రైతు అణగిపోయాడని శర్మ, ఇక్కడి రైతు యూరప్ సెర్ఫ్‌లా (ప్రభువు భూమికి కట్టుబడిన రైతులా) లేడని ముఖియా.

ఢిల్లీ సుల్తానులు జీతం బదులు అధికారులకు ఇచ్చిన భూఆదాయ హక్కు ఇక్తా. దానికీ ఇవే ప్రశ్నలు వేసుకోండి: ఎవరిచ్చారు, బదులు ఏం అడిగారు, కొడుక్కి దక్కుతుందా? ఫిరోజ్ తుగ్లక్ కాలానికి వచ్చేసరికి చివరి ప్రశ్నకు జవాబు "అవును".