గట్టు కింద పోయిన గుంట

నేను డాక్యుమెంట్ రైటర్‌ని. నల్లగొండలో రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఒక చిన్న మడిగెలో ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. ఆ కూర్చోవడంతోనే వచ్చింది చిక్కంతా. పొద్దున పదింటికి కుర్చీలో పడితే సాయంత్రం ఆరింటికి లేస్తాను. 2020లో ధరణి పోర్టల్ వచ్చాక వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ ఆఫీసులకు పోయాయి, మాకు ప్లాట్లు, ఇళ్ళు మిగిలాయి. పని తగ్గింది కానీ కూర్చోవడం తగ్గలేదు.

నిరుడు ఎండాకాలంలో నా బరువు 82 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, నడుము 38 అంగుళాలు. మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్షలో 6.1 వచ్చింది. "షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు, గడప దగ్గర నిలబడింది" అన్నాడు డాక్టరు. మందు రాయలేదు. పది కిలోలు తగ్గి రమ్మన్నాడు.

మొదటి ఆరు కిలోల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రోజూ పొద్దున ఐదున్నరకు బండి మీద పానగల్లు పోయి, ఉదయసముద్రం కట్ట మీద గంటసేపు నడిచాను. కూల్‌డ్రింకులు మానేశాను. అన్నం రెండోసారి పెట్టించుకోవడం మానేశాను. బోనాల నాటికి 76కి వచ్చాను. ప్యాంట్లు వదులయ్యాయి. క్లాక్‌టవర్ సెంటర్‌లో కనబడ్డ ప్రతివాడూ "అన్నా, మంచిగ తగ్గినవ్" అన్నాడు. ఆ మాటలు వినడానికే రెండుసార్లు అటువైపు తిరిగొచ్చానంటే అబద్ధం కాదు.

ఆ తర్వాత ముల్లు ఆగిపోయింది. బోనాల నుంచి బతుకమ్మ దాకా 76 దగ్గరే. ఒకరోజు 75.6, మర్నాడు 76.8.

నాకు టెన్షన్ ఎక్కువైంది. ఒక డిజిటల్ మిషను కొని రోజుకు మూడుసార్లు ఎక్కడం మొదలుపెట్టాను. మా ఆవిడ అది చూసి, "గా మిషను గూడ అలిసిపోతది, జర కాళ్ళు దింపు" అనేది. ఒక పెండ్లికి పోయి బగార అన్నం, మటన్ గట్టిగా తిన్న మర్నాడు 1.8 కిలోలు ఎక్కువ చూపింది. ఆ రోజంతా ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. సాయంత్రం కాగితం మీద లెక్క వేశాను. ఒక కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలంటారు. అంటే ఆ ఒక్క పూటలో నేను పద్నాలుగు వేల కేలరీలు మింగి ఉండాలి. ఎంత పెండ్లి భోజనమైనా అది జరిగే పని కాదు. ఉప్పు, అన్నం ఎక్కువైతే ఒంట్లో నీళ్ళు నిలుస్తాయి. అదే ఆ బరువు. మూడోనాటికి దిగిపోయింది. అప్పటి నుంచి వారానికి ఒక్కసారే, ఆదివారం పొద్దున పరగడుపున ఎక్కుతున్నాను.

జొన్నరొట్టె ప్రయోగం కూడా ఆ రోజుల్లోనే చేశాను. రొట్టె తింటే సన్నబడతారని మా దిక్కు అందరికీ నమ్మకం. రాత్రి రెండు రొట్టెలు తినేవాణ్ణి, ఆ పైన "నోరు మంచిగ కావాలె" అని నాలుగు మెతుకులు పెరుగన్నం. ఆ నాలుగు మెతుకులు గిన్నెడని మా అమ్మాయి ఒకరోజు చూపెట్టింది. నిజానికి వంద గ్రాముల జొన్నపిండిలోనూ వంద గ్రాముల బియ్యంలోనూ కేలరీలు ఇంచుమించు సమానమే. జొన్నలో పీచు ఎక్కువ, నమలాలి, కడుపు తొందరగా నిండినట్టుంటుంది. నాకు దొరికిన అసలు లాభం వేరు. రొట్టె లెక్కకు దొరుకుతుంది. రెండంటే రెండే. అన్నానికి ఆ పట్టు లేదు, గంటె ఎంత లోతుకు పోయిందో ఎవరు చూస్తారు?

అయినా ముల్లు కదల్లేదు.

దసరాకు ముందు మునుగోడు దిక్కు నుంచి ఒక ముసలాయన పాత పహాణీ, అంటే భూమి రికార్డు కాగితం, చదివించుకోవడానికి వచ్చాడు. కాగితంలో 20 గుంటలు, అంటే అరెకరం. టేపు పడితే 19. నేను నకళ్ళు, హద్దులు, పాత సర్వే అంటూ మొదలుపెట్టబోతే ఆయన నవ్వి, "భూమి యాడికి పోతది సారూ? గట్టు కింద పోతది. పక్కోడు దున్నినప్పుడల్లా ఒక్క సాలు లోపలికొస్తడు. మనకు అగుపడదు" అన్నాడు. పహాణీ ఆయనకిచ్చి, చాయ్ చెప్పాను. ఆయనకొకటి, నాకొకటి. గ్లాసు చేతికొచ్చాక గానీ నా బుర్రలో దీపం వెలగలేదు.

చాయ్ హోటల్‌లో నాకు ఖాతా ఉంది. ఆ నెల పుస్తకం తెప్పించి చూశాను. 236 చాయ్‌లు. "ఇందులో నావెన్ని?" అని అడిగితే, "వచ్చినోళ్ళకొకటి, మీకొకటి. ఎప్పుడైనా గంతే గద సార్" అన్నాడు హోటల్ ఆయన. అంటే 118 నావి. ఇరవై ఆరు పనిదినాలకు రోజుకు నాలుగున్నర. ఇంట్లో రెండు వేరే. పాలు, రెండు చెంచాల చక్కెర కలిపి గ్లాసుకు 70 కేలరీలు వేసుకున్నా రోజుకు 450 దాటింది. నేను తెల్లవారుజామున లేచి, కట్ట మీద గాలికి వణుకుతూ నడిచిన గంట నడక సుమారు 250. రోజూ పొద్దున కూడబెట్టి మధ్యాహ్నానికల్లా దానం చేస్తున్నానన్నమాట.

ఆ చాయ్‌లలో సగం నాకు తాగాలని ఉండి తాగినవి కావు. ఎదుటివాడికి చెప్పి నేను తాగకపోతే బాగుండదని తాగినవి. పండక్కి పోతే "ఇంకో సకినం" అన్నందుకు తిన్నాను. ఊరికి పోతే అమ్మ వేడివేడిగా తపాలచెక్క ముందు పెట్టినందుకు తిన్నాను. నడక అయ్యాక దోస్తులు మిర్చి బజ్జీ తెస్తే మొహమాటానికి రెండు తిన్నాను. నా కంచం నేను కాపలా కాస్తూనే ఉన్నాను, గట్టు నాలుగు దిక్కులా కరిగిపోతోంది. మిగిలిన నాలుగు కిలోలూ మర్యాద కిలోలే.

ఇంకొక సంగతి కూడా ఉంది, దాన్ని వదిలేస్తే లెక్క తప్పు. బస్తాలు దించిన ట్రాక్టర్‌కు డీజిల్ తక్కువ పడుతుంది. 82 కిలోల ఒంటికి చాలని తిండి 76 కిలోల ఒంటికి సరిగ్గా సరిపోతుంది. మొదట పనిచేసిన నడక, మొదట పనిచేసిన తిండి తర్వాత పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం. అంత చిన్న తేడా మిగిలినప్పుడు రోజుకు నాలుగు చాయ్‌లంటే మాటలు కాదు.

చాయ్ మానడానికి ప్రయత్నించాను. మూడు రోజులు తలనొప్పి. పైగా నేను తాగనంటే వచ్చినవాడు కూడా "అయితే నాకూ వద్దు సార్" అంటాడు, బేరం చల్లబడుతుంది. చివరికి హోటల్ పిల్లగాడితో ఒప్పందం చేసుకున్నాను. పదకొండింటికి ఒక్కటి మామూలు చాయ్. మిగతా అన్నిసార్లు నా గ్లాసులో పాలు, చక్కెర లేని చాయ్ నీళ్ళు. చేతిలో గ్లాసుంటే చాలు, మర్యాద దక్కుతుంది. లోపల ఏముందో ఎవరూ తొంగి చూడరు.

రెండో గట్టు నూనె. మేము నలుగురం, నెలకు ఐదు లీటర్లు అయ్యేది. మా ఆవిడతో ఈ మాట ఎత్తడానికి నాకు వారం పట్టింది. "నా వంటకు వంక పెడుతున్నవా" అంది ముందు. తర్వాత తనే నెల మొదట్లో మూడు లీటర్లు తెచ్చి, "ఇది అయిపోతే ఇగ ఉడకబెట్టిందే తినాలె" అని ప్రకటించింది. తగ్గిన రెండు లీటర్లను నలుగురికి పంచితే మనిషికి అర లీటరు, అంటే నెలకు నాలుగు వేల కేలరీలకు పైనే. సాయంత్రం బజ్జీల బదులు బొబ్బర్ల గుడాలు వచ్చాయి. ఉల్లిగడ్డ, నిమ్మరసం పిండుకుంటే నాకు వాటి మీద ఫిర్యాదు లేదు. పచ్చిపులుసుకు ఎలాగూ నూనెతో పని తక్కువ, ఆ శీతాకాలమంతా మా ఇంట్లో దాని రాజ్యమే.

ఒంటికి పని కూడా మార్చాను. ఒక్క నడకే అయితే కండ నిలవదని చదివాను. జిమ్‌కు పోయే ధైర్యం లేదు, అద్దాల ముందు ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య నా పొట్ట నాకే నచ్చదు. చిన్నప్పుడు లెక్కల సారు చేయించిన గుంజీలు గుర్తొచ్చాయి. చెవులు పట్టుకోకుండా అవే గుంజీలు, వారానికి నాలుగు రోజులు. మొదటి రోజు పదిహేను తీసి మర్నాడు మెట్లు పక్కవాటంగా దిగాను. ఇప్పుడు ఇరవై చొప్పున మూడు విడతలు. ఇంకా, మాది రెండో అంతస్తు. ఫ్లోరైడ్ భయంతో మొదలైన వాటర్ క్యాన్ అలవాటు కృష్ణా నీళ్ళు వచ్చాక కూడా మా ఇంట్లో పోలేదు. ఇరవై లీటర్ల క్యాన్, ఇరవై కిలోలు. ఇదివరకు బండివాడికి పైన ఐదు రూపాయలిచ్చి పైకి మోయించేవాణ్ణి. ఇప్పుడు నేనే మోస్తాను. ఒక చేతిలో ఇవాళ, ఇంకో చేతిలో రేపు.

బరువు ఏమీ పరుగెత్తలేదు. నెలకు కిలో కంటే తక్కువే. సంక్రాంతికి ఊరికి పోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని చూసి, "ఏందిరా బిడ్డా, గిట్ల ఎండుకపోయినవ్? షుగర్ గిన వచ్చిందా?" అని కండ్లనీళ్ళు పెట్టుకుంది. రాకుండా ఉండాలనే తగ్గుతున్నానని అరగంట చెప్పాను. అంతా విని, అరిసెలు నాలుగు పొట్లం కట్టి సంచిలో పెట్టింది. రెండు తిన్నాను. అమ్మ దగ్గర గట్టు కొలవకూడదని ముందే అనుకున్నాను.

ఉగాదికి 72.4. నడుము ముప్పై ఆరుకు కొంచెం తక్కువ. షుగర్ పరీక్ష 5.6. డాక్టరు కాగితం చూసి తలూపి, తర్వాతి వాళ్ళను పిలిచాడు. ఇంకాస్త మెచ్చుకుంటాడనుకున్నాను.

మెచ్చుకున్నది, లేదా తిట్టింది, హోటల్ ఆయన. నెలాఖరుకు ఖాతా కట్టడానికి పోతే పుస్తకం తిప్పి చూపించి, "సార్, మీతోటి నా ఖాతా గూడ సన్నగయ్యింది" అన్నాడు. చాయ్ నీళ్ళకు మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు.