గాఢనిద్రలో "నేను" ఏమైపోతున్నా? ఇంద్రుడికొచ్చిన సందేహం

పురాణాల్లో ఇంద్రుడంటే మనకి ఎవరు తపస్సు చేసినా తన పదవికి ఎసరొస్తుందని కంగారుపడే ఇంద్రుడే గుర్తొస్తాడు గానీ ఛాందోగ్య ఉపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో ఇంకో ఇంద్రుడున్నాడు, చేతిలో సమిధలు పట్టుకుని గురువు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చే శిష్యుడు. నాకు ఆ ఇంద్రుడంటే చెప్పలేనంత గౌరవం. నిద్ర గురించి ఆయన అడిగిన ప్రశ్న దగ్గరే ఇప్పటికీ అటు వేదాంతులు ఇటు బ్రెయిన్ మీద రీసెర్చ్ చేసేవాళ్ళు ఇద్దరూ ఆగి ఆలోచిస్తున్నారు.

కథ తెలిసిందే. ముసలితనం, చావు, శోకం లేని ఆత్మ ఒకటుంది, దాన్ని తెలుసుకోవాలి అని ప్రజాపతి అన్న మాట దేవతల చెవిన, అసురుల చెవిన పడింది. అసురుల తరఫున విరోచనుడు, దేవతల తరఫున ఇంద్రుడు వచ్చి ప్రజాపతి దగ్గర 32 ఏళ్ళు బ్రహ్మచర్యం చేశారు. నీళ్ళల్లో మీ రూపం చూసుకోండి, అదే ఆత్మ అన్నట్టు ప్రజాపతి చెప్తే విరోచనుడు సంతోషంగా వెళ్ళిపోయాడు. ఇంద్రుడు సగం దారిలో ఆగాడు, ఈ ఒంటికి కన్నుపోతే ఆ ఆత్మకీ కన్నుపోతుంది కదా, మరి ఇదేం ఆత్మ అని వెనక్కొచ్చాడు. ఇంకో 32 ఏళ్ళు. కలలో తిరిగేవాడే ఆత్మ అన్నాడు ప్రజాపతి. మళ్ళీ సగం దారిలో డౌట్, కలలో కూడా ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది, ఏడ్చినట్టు ఉంటుంది, ఇందులో నాకు మేలేం కనపడట్లేదు అని వచ్చేశాడు. ఇంకో 32 ఏళ్ళు.

అప్పుడు ప్రజాపతి గాఢనిద్ర గురించి చెప్పాడు. కల కూడా లేకుండా, అంతా ఒక్కటైపోయి ప్రశాంతంగా నిద్రపోతాడే, అదే ఆత్మ అని. మనలో చాలామందిమి ఇక్కడ సరే అని దణ్ణం పెట్టి ఇంటికెళ్ళిపోయేవాళ్ళం. ఇంద్రుడు వెళ్ళలేదు. ఆయనన్న మాట ఇది:

"నాహ ఖల్వయమేవం సంప్రత్యాత్మానం జానాతి అయమహమస్మీతి, నో ఏవేమాని భూతాని, వినాశమేవాపీతో భవతి, నాహమత్ర భోగ్యం పశ్యామి"

ఆ స్థితిలో "ఇదిగో నేను" అని తన్ను తానే ఎరగడు, ఎదుటి ప్రాణుల్నీ ఎరగడు, నాశనమైపోయినట్టే ఉంది, ఇందులో నాకేం మేలు కనిపించట్లేదు అంటున్నాడు. 96 ఏళ్ళు గురువు దగ్గరున్న తర్వాత కూడా ఇలా అనాలంటే ఎంత నిజాయితీ కావాలో చూడండి. శ్రద్ధ అంటే తల ఊపడం అనుకుంటాం మనం, ఇంద్రుడి శ్రద్ధ అర్థం కాలేదని చెప్పి మళ్ళీ సమిధలు పట్టుకుని రావడంలో ఉంది.

ఇప్పుడు సైన్స్ వైపు చూద్దాం. 1953లో చికాగో యూనివర్సిటీలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ఇద్దరూ నిద్రలో కళ్ళు రెప్పల కింద గబగబా కదిలే దశ ఉందని పేపర్ రాశారు, ఆ టైంలో లేపితే ఎక్కువమంది కల చెప్తారు. ఆ దశలో ఒంట్లో కండరాలన్నీ దాదాపు పట్టు వదిలేస్తాయి కాబట్టే కలలో పరిగెత్తినా మంచం మీద నుంచి లేచి పరిగెత్తం. ఇక గాఢనిద్రలో మెదడు ఆగిపోదు, పెద్ద పెద్ద నిదానమైన తరంగాలు నడుస్తుంటాయి. అప్పుడు లేపితే చాలామంది ఏమీ లేదంటారు, కొందరు మాత్రం ఏదో ఉంది గానీ ఏంటో గుర్తులేదు అంటారు, ఇంకొందరు ముక్కలు ముక్కలుగా ఏవో ఆలోచనలు చెప్తారు. అందుకే చేతి వాచీలో డీప్ స్లీప్ గంటన్నర అని చూపిస్తే అదే సుషుప్తి (ఉపనిషత్తు చెప్పే గాఢనిద్ర) అనుకోకండి, వాచీ కదలికల్ని బట్టి, గుండె కొట్టుకోవడాన్ని బట్టి లెక్కేస్తుంది, ఉపనిషత్తు మాట్లాడుతున్నది కోరికా కలా రెండూ లేని స్థితి గురించి, మాండూక్య ఉపనిషత్తు ఐదో మంత్రంలో ఈ మాటే స్పష్టంగా ఉంది.

మరి ఆ స్థితిలో నేను ఉన్నానా లేనా? పొద్దున్నే లేచి "ఒళ్ళు తెలీకుండా పడుకున్నా, హాయిగా పట్టింది నిద్ర" అంటాం కదా, ఒకే మాటలో ఏమీ తెలీలేదనీ చెప్తున్నాం, హాయిగా ఉందనీ చెప్తున్నాం. ఉన్నది ఒక్క ఆత్మే అనే అద్వైతులు దీన్నే పట్టుకున్నారు, అనుభవించనిది గుర్తురాదు, కాబట్టి ఆ హాయికీ ఆ ఏమీ తెలియకపోవడానికీ సాక్షి ఒకటి అక్కడ ఉండితీరాలి అని. నైయాయికులు, అంటే తర్కం ప్రధానమైన న్యాయ దర్శనం వాళ్ళు, ఒప్పుకోలేదు, లేచాక ఒంట్లో తేలిక చూసి హాయిగా పడుకున్నానని ఊహించుకుంటున్నావు అంతే అన్నారు. నాకు మనసు అద్వైతుల వైపే మొగ్గుతుంది గానీ నైయాయికుల మాట తేలిగ్గా తీసేసేది కాదు, దానికి జవాబు వాదనలో కంటే బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి జనక మహారాజుకి చెప్పిన దాంట్లో నాకు ఎక్కువ దొరికింది. గాఢనిద్రలో మనిషి చూస్తూనే చూడడు, చూసేవాడి చూపు ఎప్పటికీ పోదు, చూడ్డానికి వేరే రెండోది లేదు, అంతే అంటాడాయన. ఇంద్రుడు నాశనం అనుకున్న చోట యాజ్ఞవల్క్యుడికి చూపు కనిపించింది.

దానికి ముందు వాక్యం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. అక్కడ తండ్రి తండ్రి కాడు, తల్లి తల్లి కాదు, దొంగ దొంగ కాడు, చండాలుడు చండాలుడు కాడు అంటుంది ఉపనిషత్తు. పగలంతా మనిషిని కులంతో, చేసిన తప్పుతో, పేరుతో కట్టేసే లోకం ఇది, రాత్రి ఆ కొద్దిసేపు వాటిలో ఏ ఒక్కటీ ఎవరి మీదా నిలవదు, జైల్లో ఉన్నవాడికీ అంతే, బంగ్లాలో ఉన్నవాడికీ అంతే. ఇంత సమానత్వాన్ని భగవంతుడు రోజూ అందరికీ ఇస్తుంటే, అవతలి మనిషిని చూసినప్పుడు మనకెందుకు గుర్తు రాదో అని బాధేస్తుంది.

అలాగని నిద్రే మోక్షం అని ఎవరూ చెప్పలేదు, మాండూక్యం ఏడో మంత్రం తురీయాన్ని, అంటే మెలకువ, కల, గాఢనిద్ర మూడూ కాని నాలుగోదాన్ని, చెప్తూ అది గాఢనిద్ర కూడా కాదని తీసేస్తుంది. అలాగే సాధన పేరుతో నిద్ర మానేసి రాత్రంతా కూర్చునేవాళ్ళకి ఒక మాట, గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అతిగా నిద్రపోయేవాడికీ యోగం కుదరదు, అసలు నిద్రపోనివాడికీ కుదరదు అన్నాడు. శివరాత్రి జాగారం వేరు, అది ఏడాదికోసారి. రోజూ నిద్ర చంపుకుంటే వచ్చే మైకాన్ని, కళ్ళముందు కదిలే బొమ్మల్ని దర్శనం అనుకోవద్దు, ఒంటికి నిద్ర చాలకపోయినా అవన్నీ వస్తాయి.

ఇంతకీ ఇంద్రుడి డౌట్‌కి ప్రజాపతి కోప్పడలేదు. నువ్వన్నది నిజమే, ఇంకో ఐదేళ్ళుండు అన్నాడు. మొత్తం 101 ఏళ్ళు. ఆ ఐదేళ్ళ తర్వాత ఏం చెప్పాడో ఛాందోగ్యం ఎనిమిదో అధ్యాయం పన్నెండో ఖండంలో ఉంది, ఏడో ఖండం నుంచి మొదలుపెట్టి ఇంద్రుడు వెనక్కొచ్చిన ప్రతిసారీ మీరూ ఆగుతూ చదవండి.