టీసీ తీసుకోమన్నారు, కాగితం మీద రాసిమ్మన్నాను

మా వాడు నాలుగో తరగతిలో ఉండగా స్కూలుకు రమ్మని కబురొచ్చింది. ప్రిన్సిపల్ గారు సూటిగానే చెప్పారు. "అమ్మా, మీ వాడు క్లాసును అందుకోలేకపోతున్నాడు. టీసీ తీసుకుని ఏదైనా స్పెషల్ స్కూల్లో వేయండి."

మేముండేది విజయవాడ పటమటలో. ఏ నంబరు సిటీ బస్సు ఎటు వెళ్తుందో వాడికి నోటికి వచ్చు. అదే బస్సు బోర్డు చదవమంటే ముఖం పాలిపోతుంది. ఎక్కాలు గడగడా అప్పజెప్తాడు, రాయమంటే అంకెలు తారుమారు. ఒత్తులు సగం ఎగిరిపోతాయి. బద్ధకం అనుకుని నేనూ కొట్టాను. అది రాయాలంటే ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి నాలుగుసార్లు తిరిగాక తేలింది, నిర్దిష్ట అభ్యసన వైకల్యం అని. డిస్లెక్సియా అంటే చాలామందికి తెలుస్తుంది. తెలివికి ఏ లోటూ లేదు, ఇబ్బందంతా చదవడం, రాయడంలోనే. రిపోర్టు చూపించినా స్కూల్లో అదే మాట: టీసీ.

దారి చూపింది భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, ఒక టీచరమ్మ. అంతా విని ఒక్కటే అడిగారు. "టీసీ తీసుకోమని రాసిచ్చారా అమ్మా? ఇవ్వరు. ముందు మీరు రాయండి."

ఆ రాత్రి చట్టాలు తీసి చదివాను. విద్యాహక్కు చట్టం 2009లో 16వ సెక్షన్: ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి పంపేయకూడదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో కూడా సరిగ్గా 16వ సెక్షనే: ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ఏదైనా సరే, ప్రైవేటుదైనా, వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లవాడి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలి. ఇలాంటి అభ్యసన ఇబ్బందుల్ని వీలైనంత త్వరగా గుర్తించే బాధ్యత కూడా బడిదే. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు పొరపడుతున్నారు. వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ సర్టిఫికెట్, సదరంలో 40 శాతం పడకపోతే ఏ హక్కూ లేదనుకుంటారు. కొన్నిటికి 40 శాతం కావాలి, నిజమే. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య అలాంటిదే. కానీ 16వ సెక్షన్‌లో ఆ షరతు లేదు. వార్డు సచివాలయంలో సదరం స్లాటు మేమూ బుక్ చేశాం. అది వచ్చేదాకా మాత్రం ఆగలేదు.

ఉత్తరం తెలుగులోనే, ఒక్క పేజీ రాశాను. కోపం ఒక్క ముక్క కూడా పెట్టలేదు. వాడి రిపోర్టు, రెండు సెక్షన్లు, నాకు కావలసినవి నాలుగు: పరీక్షలో అదనపు సమయం, ప్రశ్న చదివి వినిపించడం, అక్షర దోషాలకు మార్కులు కోయకపోవడం, హిందీ నుంచి మినహాయింపు. చివర, "ఇవి కుదరవంటే కారణాలు రాతపూర్వకంగా తెలపండి" అని. ఆఫీసులో తీసుకుని సీలు వేయమంటే వేయలేదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాను. సమాధానం రాకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి, ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయాలనుకున్నాను.

అంత అవసరం పడలేదు. పది రోజుల్లో పిలిచారు. ఈసారి మా ఆయన కూడా ఆటోనగర్‌లో పని మానుకుని వచ్చారు. నాకు టెన్షన్‌తో గొంతు వణికింది. టీసీ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. క్లాస్ టీచరు చిన్నమ్మాయి, "నాకెవరూ చెప్పలేదండీ, వీడు కావాలని రాయట్లేదనుకున్నాను" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. మాట్లాడుకున్నవన్నీ ఇంటికొచ్చి రాసి, మర్నాడే ఇంకో ఉత్తరంగా పంపాను.

మొన్న యూనిట్ టెస్టులో ప్రశ్నలు చదివి వినిపించారు, ఇరవై నిమిషాలు ఎక్కువ ఇచ్చారు. సైన్సులో ఇరవైకి పద్నాలుగు వచ్చాయి. హిందీ సంగతి ఇంకా తేల్చలేదు. మూడో ఉత్తరం రాసి ఉంచాను, సోమవారం పోస్టు చేస్తాను.