పిక్వేలో అందరమూ వలసవాళ్లమే

సెలెబి-పిక్వేలో ఉన్నన్నాళ్లూ 'మా ఊరికి ఎందుకొచ్చావు' అని నన్నెవరూ అడగలేదు. ఆ మాట అడగడానికి అక్కడ సొంతూరి వాళ్లంటూ ఉంటే కదా! బోట్స్వానా తూర్పువైపు, 1960ల దాకా మొపానే చెట్లూ పశువుల మందలూ తప్ప పెద్దగా ఏమీ లేని నేల అది. రాగి, నికెల్ బయటపడ్డాయి. 1973లో బీసీఎల్ అనే కంపెనీ గని పని మొదలుపెట్టింది. ఊరు దాని వెంటే లేచింది. సెలెబి ఒకచోటు, పిక్వే ఇంకోచోటు. కాగితాల మీద రెంటినీ గీత పెట్టి కలిపారు గానీ జనానికి అది పిక్వేనే.

మాది ఇల్లందు. పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. 1889లో సింగరేణి బొగ్గు తవ్వకాలు మొదలైంది అక్కడే. నాన్న బొగ్గుబాయి దిగినవాడు. నేను బీఎస్సీ, బీఈడీ చేసి లెక్కల మాస్టారినయ్యాను. ముందు జాంబియాలోని కిట్వేకి వెళ్లాను, అదీ రాగి గనుల ఊరే. అక్కడి డబ్బు క్వాచా విలువ నెలనెలా పడిపోతుంటే ఇంటికి పంపే డబ్బు చేతిలోనే కరిగిపోయేది. అక్కడున్న మనవాళ్లు ఒక్కొక్కరే దక్షిణానికి, తన సొంత డబ్బు పులాల్లో జీతమిచ్చే బోట్స్వానాకి దారిపట్టారు. నేనూ ఆ వరసలో వచ్చినవాడినే. తొంభైల మొదట్లో వెళ్లి, గని మూతపడ్డాకే తిరిగొచ్చాను.

ఇల్లందులో షిఫ్టు మారే వేళకి సైరన్ మోగేది. పిక్వేలో వేళ చెప్పేది మనుషులే. హెల్మెట్టు చంకలో పెట్టుకుని కొంబీ (అద్దె వ్యాను) కోసం నిలబడ్డ గుంపును చూస్తే టైమెంతో తెలిసిపోయేది. మన దగ్గర లేనిది అక్కడున్నదల్లా పొగగొట్టం. బొగ్గు తవ్వితే వ్యాగన్లో వెళ్లిపోతుంది. అక్కడ ఖనిజాన్ని ఊరి పక్కనే కరిగించేవారు. ఖనిజంలోని గంధకం కాలి, వాయువై, గొట్టం గుండా గాల్లో కలిసిపోయేది. గాలి మా వైపు తిరిగిన రోజు గొంతు మండేది, నాలుక మీద ఏదో పుల్లటి లోహపు రుచి. మా ఆవిడ ఉతికిన బట్టలు ఆరేసే ముందు పొగ ఎటు పోతోందో చూసేది. ఆస్తమా ఉన్న పిల్లలు బడికి రాకపోతే కారణం అడిగేవాణ్ణి కాదు. కరిగించాక వచ్చిన సరుకు ఆ ఊళ్లో లోహంగా మారేది కాదు, శుద్ధి చేయడానికి నార్వేకీ జింబాబ్వేకీ పోయేది. 'పొగ మనకి, నికెల్ వాళ్లకా సార్?' అని ఫారం ఫోర్ కుర్రాడొకడు అడిగాడు. నిష్పత్తుల పాఠంలో అలాంటి ప్రశ్న వస్తే ఏ మాస్టారైనా ఏం చెబుతాడు?

తిండికి మేం పెద్దగా ఇబ్బంది పడలేదు. వాళ్లు బొగొబే అనేది అచ్చం మన జొన్న సంకటి. పిండిని పులియబెట్టి వండితే అంబలి పులుపు. మొరొగో పేరుతో అలసంద ఆకు, తోటకూర లాంటి ఆకులు ఎండబెట్టి అమ్మేవాళ్లు. కందిపప్పుకీ, ఆవాలకీ మాత్రం ఫ్రాన్సిస్‌టౌన్ వెళ్లాలి. లేదంటే సెలవుల్లో నలుగురం కలిసి కారు వేసుకుని మార్టిన్స్ డ్రిఫ్ట్ దగ్గర సరిహద్దు దాటి జోహన్నెస్‌బర్గ్ ఫోర్డ్స్‌బర్గ్ దాకా. చీకటిపడ్డాక ఆ రోడ్ల మీద గాడిదలు అడ్డంగా నిలబడి ఉంటాయి, హారన్ కొట్టినా కదలవు. పండగలే కాస్త తిరగబడ్డాయి. సంక్రాంతికి వానలు. ఉగాది నాటికి మామిడి కాయ పోయి చాలాకాలమయ్యేది, పచ్చడికి పులుపంతా చింతపండుదే.

వాళ్ల దగ్గర పెద్ద బిడ్డ పేరుతో తల్లిదండ్రులను పిలుస్తారు. మా అమ్మాయి సింధు బడిలో చేరిన నెలకే మా ఆవిడ మ్మాసింధు, నేను ర్రాసింధు అయిపోయాం. నా అసలు పేరు జీతం కాగితం మీదే మిగిలింది.

ఆ ఊరి గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది గని కాదు, శనివారాలు. 2000 ప్రాంతంలో పిక్వేలో గర్భిణులకు చేసిన రక్తపరీక్షల్లో దాదాపు సగం మందికి హెచ్‌ఐవీ తేలేది. గని ఊరు, ఒంటరి మగవాళ్లు, చేతిలో జీతం... ఇంతకంటే వివరించడం నాకిష్టం లేదు, ఎందుకంటే బయటివాళ్లు అక్కడే ఆగిపోయి తీర్పులు చెప్పేస్తారు. చనిపోయినవాళ్లలో నా తోటి టీచర్లున్నారు, నర్సులున్నారు, చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లున్నారు.

చనిపోయినవారిని చాలావరకు పిక్వేలో పాతిపెట్టేవారు కాదు. బొబొనొంగో, మ్మాడినారేనో, వాళ్లవాళ్ల ఊరికే తీసుకెళ్లేవారు. శుక్రవారం సాయంత్రం బడి బస్సులో బయల్దేరేవాళ్లం. రాత్రంతా ఇంటి ముందు మంట, పాటలు. తెల్లవారుతుండగా శ్మశానానికి. పెట్టె దించాక మగవాళ్లు పారలు చేతులు మార్చుకుంటూ మట్టి వేస్తారు. కొత్తలో నేను వెనక నిలబడేవాణ్ణి. ఒక పెద్దాయన ఏమీ అనకుండా పార నా చేతికిచ్చాడు. ఆ తర్వాత ఎవరూ ఇవ్వనక్కర్లేకపోయింది. పని అయ్యాక టీ, మాగ్విన్యాలు అనే నూనెలో వేయించిన పిండి ఉండలు. సోమవారం క్లాసులో చనిపోయినాయన కొడుకు రెండో బెంచీలో కూర్చుని ఉండేవాడు, హోంవర్కు చేసుకుని మరీ.

2002లో ప్రభుత్వం హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఫెస్టస్ మొగాయే అప్పుడు అధ్యక్షుడు. ఈ జబ్బుతో మన జాతే తుడిచిపెట్టుకుపోతుందని బహిరంగంగా చెప్పిన మనిషి. మందులు మా దాకా రావడానికి కొంత సమయం పట్టింది గానీ, వచ్చాక శనివారాలు తగ్గాయి. ఎముకల గూడులా బడి మానేసిన ఒక టీచరమ్మ ఏడాది తిరిగేసరికి లావెక్కి, 'పాత గౌన్లు పట్టట్లేదు' అని విసుక్కుంటూ స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చింది. ఆఫ్రికాలో ప్రభుత్వాలు ఏమీ చేయవని ఇక్కడెవరైనా అంటే నేను వాదనకి దిగేది ఆ గౌన్ల వల్లే.

డిసెంబరులో బడి మూశాక ఊరు ఖాళీ అయ్యేది. సంక్రాంతికి హైదరాబాదు ఎలాగో క్రిస్మస్‌కి పిక్వే అలాగ. వాళ్లకి ఊళ్లో ఇల్లు, దూరంగా పొలం, ఇంకా దూరంగా పశువుల మకాం ఉంటాయి. పిక్వేలోది కంపెనీ క్వార్టరు, అంతే. ఆ వారమంతా వీధుల్లో తిరిగేది మేమూ, కుక్కలూ, సెలవు దొరకని కొలిమి కార్మికులూ.

2016 అక్టోబరులో గని మూసేశారు. నికెల్ ధర పడిపోయింది, అప్పులు పెరిగాయి, ప్రభుత్వం ఇక డబ్బు పెట్టలేనంది. 5,000 మంది దాకా ఉద్యోగాలు ఉన్నపళంగా పోయాయి. పిల్లలు ఫారం ఫైవ్ పబ్లిక్ పరీక్షల్లో ఉన్నారు. ఇన్విజిలేటర్‌గా తిరుగుతూ చూశాను, పేపరు ముందు పెట్టుకుని కిటికీలోంచి గొట్టం వైపు చూసేవాళ్లే ఎక్కువ. పొగ లేదు. అన్నేళ్లూ తిట్టిన పొగ ఆగితే ఒక్కరి మొహంలోనూ సంతోషం లేదు. కొన్ని నెలల్లో ట్రక్కులకి మంచాలూ ఫ్రిజ్‌లూ ఎక్కించి జనం వాళ్లవాళ్ల ఊళ్లకి మళ్లారు. మా బడిలో సెక్షన్లు కలిపేశారు. నా కాంట్రాక్టు మళ్లీ పొడిగించలేదు.

తర్వాత, 2022లో, సెలెబి గనులను ఒక కెనడా కంపెనీ కొంది. ఆ కబురు నాకు పంపింది అప్పట్లో రెండో బెంచీలో కూర్చున్న కుర్రాడే. ఇప్పుడు జ్వానెంగ్ వజ్రాల గనిలో ఎలక్ట్రీషియన్. మాటల్లో, 'మీ ఊరి గనుల్లో బయటి దేశం వాళ్లని తీసుకుంటారా సార్?' అన్నాడు. నవ్వొచ్చింది. మా వాళ్లకే దొరకట్లేదు, తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కొడుక్కిస్తారు, దానికే కొట్లాట అని రాశాను.

'మరి మీ నాన్నది మీకెందుకు రాలేదు?' అని అడిగాడు.

అన్నకిచ్చారని చెప్పాను.